ఇంటి నెట్‌వర్క్‌లో ఫైల్ షేరింగ్ మధ్యమధ్యలో హ్యాంగ్ అవుతోందా? అసలు కారణం పట్టుకునే పద్ధతి

పెద్ద ఫోల్డర్ ఒకటి కాపీకి పెడతారు. సగం దాకా బాగానే వెళ్తుంది. ఉన్నట్టుండి వేగం సున్నాకి పడిపోతుంది, విండో పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని వస్తుంది. అర నిమిషం గడుస్తుంది, ఒక్కోసారి నిమిషం. తర్వాత దానంతట అదే కదులుతుంది. లేదంటే షేర్డ్ డ్రైవ్ మీద క్లిక్ చేస్తే గుండ్రం తిరుగుతూనే ఉంటుంది, కాసేపటికి ఏమీ జరగనట్టు తెరుచుకుంటుంది. అసలు కనెక్టే కాకపోతే కారణం వెతకడం సులువు, ఆ తప్పు ఎప్పుడు చూసినా కళ్ళ ముందే ఉంటుంది. ఇలా వచ్చిపోయేది అలా కాదు. చూద్దామని కూర్చుంటే రాదు, పనిలో పడగానే వస్తుంది.

ఇలాంటప్పుడు ఎక్కువమంది ముందు రౌటర్ రీస్టార్ట్ చేస్తారు. అది పని చేయకపోతే దొరికిన సెట్టింగులన్నీ ఒకదాని తర్వాత ఒకటి మార్చేస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. కేబుల్ మార్చాను, రౌటర్ మార్చాను. రెండు వారాల తర్వాత తేలింది: షేర్ చేసిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పని లేనప్పుడు నిద్రలోకి వెళ్తోంది, మళ్ళీ లేవడానికి పది సెకన్లకు పైగా తీసుకుంటోంది. నెట్‌వర్క్‌లో ఏ దోషమూ లేదు. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. హ్యాంగ్ అయిందంటే ఎక్కడో ఒకరు ఇంకొకరి జవాబు కోసం ఎదురుచూస్తున్నారని అర్థం. ఎవరు, ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో తెలిసేదాకా ఒక్క సెట్టింగూ ముట్టుకోకూడదు.

ఆ వరుస ఇలా ఉంటుంది. మీ కంప్యూటర్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడుగుతుంది. ఆ మాట నెట్‌వర్క్ అడాప్టర్ దాటి, వైఫై మీదో కేబుల్ మీదో వెళ్ళి, రౌటర్ లేదా స్విచ్ (నెట్‌వర్క్ కేబుళ్ళను కలిపే పెట్టె) మీదుగా అవతలి మెషీన్‌కి చేరుతుంది. అది మరో కంప్యూటర్ కావచ్చు, నాస్ (నెట్‌వర్క్‌కే తగిలించి వాడే డిస్కుల పెట్టె) కావచ్చు. అక్కడి సాఫ్ట్‌వేర్ డిస్క్‌ని అడుగుతుంది. డిస్క్ ఇచ్చిన జవాబు అదే దారిలో వెనక్కి వస్తుంది. ఇందులో ఎక్కడ ఆగినా మీకు కనిపించేది ఒకటే, కదలని విండో. ఈ వ్యాసంలో అవతలి మెషీన్‌ని సర్వర్ అంటాను, అది మామూలు కంప్యూటరే అయినా సరే.

మొదటి అడుగు: ముందు రాసుకోండి

రెండు మూడు రోజులు ఏమీ మార్చకుండా, హ్యాంగ్ అయిన ప్రతిసారీ ఒక కాగితం మీద ఈ వివరాలు రాయండి. ఎన్ని గంటలకు, ఎన్ని సెకన్లు, ఆ సమయంలో ఏం చేస్తున్నారు (ఫోల్డర్ తెరుస్తున్నారా, కాపీ చేస్తున్నారా, వీడియో చూస్తున్నారా), వైఫై మీద ఉన్నారా కేబుల్ మీదా, అదే క్షణంలో ఇంట్లో మిగతావాళ్ళకీ ఆగిందా, ఇంటర్నెట్ కూడా ఆగిందా. ఇది విసుగు పుట్టించే పనే. కానీ సగం సందర్భాల్లో కారణం ఈ కాగితం మీదే తేలిపోతుంది.

చాలాసేపు వాడకుండా ఉంచి తెరిచినప్పుడు మాత్రమే ఆగి, ఆ తర్వాత బాగా నడిస్తే ఏదో నిద్రలో ఉందని అర్థం. కాపీ మొదట్లో జోరుగా వెళ్ళి, కొన్ని జీబీలు దాటాక ఆగుతూ సాగుతూ ఉంటే అవతలి డిస్క్ రాయలేకపోతోంది. ఫోల్డర్ తెరవడానికే ఇరవై సెకన్లు పట్టి, తెరిచాక కాపీ వేగంగా జరిగితే పేరు వెతకడంలోనో, పాత డ్రైవ్ మ్యాపింగ్‌లోనో (షేర్‌కి ఒక డ్రైవ్ అక్షరం కట్టడం), థంబ్‌నెయిల్స్‌లోనో తేడా ఉంది. రోజూ ఒకే గంటకు ఆగుతుంటే ఆ సమయానికి పెట్టిన బ్యాకప్‌నో స్కాన్‌నో అనుమానించండి. ఒక్క ల్యాప్‌టాప్‌కే వస్తే తప్పు ఆ ల్యాప్‌టాప్ వైపుంది. అందరికీ ఒకేసారి వస్తే రౌటర్, స్విచ్, సర్వర్ మాత్రమే మిగులుతాయి.

ఇంకో మాట. డిస్క్ చెడిపోతున్నప్పుడు కూడా మొదటి లక్షణం ఇలాంటి హ్యాంగే. అందుకని ఏ పరీక్షా మొదలుపెట్టకముందే ముఖ్యమైన ఫైళ్ళకు వేరే డిస్క్ మీద ఒక కాపీ తీసి పెట్టుకోండి. దీన్ని మాత్రం వాయిదా వేయకండి.

రెండో అడుగు: జంట పింగ్

పింగ్ అంటే అవతలి పరికరాన్ని చిన్నగా పలకరించి, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చూపించే కమాండ్. మొత్తం పద్ధతిలో నేను ఎక్కువగా నమ్మేది ఈ పరీక్షనే. ఖర్చు లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

రెండు కమాండ్ ప్రాంప్ట్ విండోలు పక్కపక్కన తెరవండి. ఒకదానిలో రౌటర్ ఐపీ చిరునామాకు, రెండోదానిలో సర్వర్ ఐపీ చిరునామాకు పింగ్ పెట్టండి. విండోస్‌లో పింగ్ నాలుగుసార్లు పంపి ఆగిపోతుంది కాబట్టి చివర స్పేస్ ఇచ్చి హైఫన్, చిన్న టి అక్షరం చేర్చండి, ఆపేదాకా నడుస్తుంది. మ్యాక్‌లో, లైనక్స్‌లో మామూలుగానే ఆగకుండా నడుస్తుంది. రౌటర్ చిరునామా తెలియకపోతే ఐపీకాన్ఫిగ్ కమాండ్ చూపించే ‘డిఫాల్ట్ గేట్‌వే’ అదే. ఇప్పుడు ఆ రెండూ నడుస్తుండగా మామూలుగా పని చేసుకోండి. హ్యాంగ్ అయిన క్షణంలో రెండు విండోలనీ చూడండి. ఏ జవాబు ఎన్ని గంటలకు వచ్చిందో విండోస్ పింగ్ చూపించదు, కాబట్టి గడియారం చూసి రాసుకోవాలి.

రెండు విండోల్లోనూ ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ వస్తే మీ కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య దారి తెగింది, లేదా రౌటరే ఆగింది. రౌటర్ జవాబిస్తూ సర్వర్ మాత్రం మౌనంగా ఉంటే సర్వర్ వైపు వెళ్ళండి: దాని కేబుల్, దాని అడాప్టర్, దాని నిద్ర. రెండూ చక్కగా జవాబిస్తున్నా కాపీ కదలకపోతే నెట్‌వర్క్‌ని వదిలేసి డిస్క్ మీదా సాఫ్ట్‌వేర్ మీదా దృష్టి పెట్టండి. నా అనుభవంలో ఈ మూడోదే ఎక్కువ, అయినా అందరూ ముందు తిట్టేది రౌటర్‌నే.

నాలుగో రకం కూడా ఉంది. పింగ్ తెగదు గానీ 2 మిల్లీసెకన్లుగా ఉన్నది 300కో 800కో ఎగిరి మళ్ళీ దిగుతుంది. అది దాదాపు ఎప్పుడూ వైఫైయే. కేబుల్ మీద ఇంట్లో పింగ్ 1 మిల్లీసెకనుకు అటూఇటూ ఉండాలి. ఒక జాగ్రత్త: కొన్ని రౌటర్లు తమకు వచ్చిన పింగ్‌కి తీరిక ఉన్నప్పుడే జవాబిస్తాయి. రౌటర్ పింగ్ అప్పుడప్పుడూ ఒక్కసారి ఎగిరినా, దాని మీదుగా వెళ్ళే సర్వర్ పింగ్ నిలకడగా ఉంటే అది లెక్కలోకి రాదు.

మూడో అడుగు: నెట్‌వర్క్‌ని, డిస్క్‌ని విడదీయడం

ఫైల్ కాపీ చేసి వేగం చూస్తే డిస్క్, నెట్‌వర్క్ రెండూ కలిసి కనిపిస్తాయి. విడిగా చూడాలంటే ఐపెర్ఫ్ 3 అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. సర్వర్‌లో దాన్ని సర్వర్ మోడ్‌లో, మీ కంప్యూటర్‌లో క్లయింట్ మోడ్‌లో నడపాలి. ఇది డిస్క్‌ని తాకకుండా మెమరీ నుంచి మెమరీకి డేటా పంపుతుంది. ఫైర్‌వాల్ అడిగితే 5201 పోర్టుకు అనుమతి ఇవ్వండి. మామూలుగా ఇది 10 సెకన్లే నడుస్తుంది. వచ్చిపోయే సమస్యకు అది ఏ మూలకూ చాలదు, సమయాన్ని 1800 సెకన్లకు పెంచండి. అరగంట పాటు వేగం నిలకడగా ఉంటే ఆ దారికి దోషం లేనట్టే. మధ్యలో సున్నాకి పడితే ఆ సెకను రాసుకుని జంట పింగ్‌తో పోల్చండి.

అదే సమయంలో సర్వర్ విండోస్ అయితే అక్కడ రిసోర్స్ మానిటర్ తెరిచి డిస్క్ ట్యాబ్ చూడండి. కాపీ ఆగిన క్షణంలో డిస్క్ వాడకం 100 శాతం దగ్గర నిలబడి, రెస్పాన్స్ టైమ్ వందలకో వేలకో మిల్లీసెకన్లకు పోతే ఎదురుచూపు డిస్క్ కోసమే. నాస్ అయితే దాని అడ్మిన్ పేజీలో ఇలాంటి మానిటర్ ఉంటుంది.

ఇంకా సులువైన పరీక్ష కావాలంటే, ల్యాప్‌టాప్‌ని వైఫై నుంచి తీసి సర్వర్ ఉన్న స్విచ్‌కే కేబుల్‌తో కలపండి. ఒక రోజు అలా వాడండి. సమస్య మాయమైతే వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోయింది.

నిద్ర వల్ల వచ్చే హ్యాంగులు

ముందు పరీక్షించండి. షేర్‌ని 40 నిమిషాలు ఎవరూ ముట్టుకోకుండా ఉంచి, ఆ తర్వాత స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక ఫోల్డర్ తెరవండి. వెంటనే పక్క ఫోల్డర్ తెరవండి. మొదటిది 8 సెకన్లు, రెండోది క్షణం అయితే అనుమానం అక్కర్లేదు. సర్వర్ పక్కన నిలబడితే డిస్క్ తిరగడం మొదలయ్యే చప్పుడు కూడా వినిపిస్తుంది. నాలుగు డిస్కులున్న నాస్‌లో అవి ఒకదాని తర్వాత ఒకటి లేస్తే ఆలస్యం ఇంకా పెరుగుతుంది.

సర్వర్ విండోస్ అయితే పవర్ ఆప్షన్స్‌లో ప్లాన్ సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరవండి. ‘టర్న్ ఆఫ్ హార్డ్ డిస్క్ ఆఫ్టర్’ మామూలుగా 20 నిమిషాలు ఉంటుంది. దాన్ని 0 చేస్తే ఎప్పుడూ ఆపదు. ఎక్స్‌టర్నల్ డిస్క్ అయితే అక్కడే ఉన్న ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ కూడా ఆపండి. అయినా నిద్రపోతుంటే, కొన్ని ఎక్స్‌టర్నల్ డిస్కులకు తమ సొంత టైమర్ లోపలే ఉంటుంది, తయారీదారు ఇచ్చే యుటిలిటీతోనే అది మారుతుంది. నాస్‌లో ‘హార్డ్ డిస్క్ హైబర్నేషన్’ అనే పేరుతో వెతకండి. నేనైతే పూర్తిగా ఆపను. ఇంట్లో అందరూ మేలుకుని ఉండే గంటలకు సరిపడా టైమర్ పొడిగిస్తాను, రాత్రిపూట డిస్క్ ఆగినా ఎవరికీ నష్టం లేదు.

నెట్‌వర్క్ అడాప్టర్ కూడా నిద్రపోతుంది. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద మీ అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో పవర్ ఆదా కోసం దీన్ని ఆపేయవచ్చు అనే టిక్ తీసేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబ్ ఉండదు. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ‘ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్’, ‘గ్రీన్ ఈథర్నెట్’ ఉంటే వాటిని ఒక్కొక్కటిగా ఆపి చూడండి. డేటా లేనప్పుడు లింక్‌ని కునుకు తీయనిచ్చే ఏర్పాటు అది. రెండు వైపుల చిప్‌లకు పొత్తు కుదరకపోతే లింక్ ఒకటి రెండు సెకన్లు తెగి మళ్ళీ కలుస్తుంది.

మ్యాప్ చేసిన డ్రైవ్ మీద ఎర్ర గుర్తు చూసి టెన్షన్ పడేవాళ్ళు ఉంటారు. విండోస్ సర్వర్ వైపు, 15 నిమిషాలు పని లేని కనెక్షన్‌ని మామూలుగానే మూసేస్తుంది, క్లిక్ చేయగానే తెరుస్తుంది. అది రెప్పపాటులో జరిగితే వదిలేయండి.

వైఫై అయితే

వైఫై మీద ఒక సమయంలో ఒక ఛానల్‌లో ఒక్కరే మాట్లాడగలరు. వైఫై ల్యాప్‌టాప్ నుంచి మరో వైఫై కంప్యూటర్‌కి కాపీ చేస్తే ప్రతి ముక్కా గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది, ఒకసారి రౌటర్‌కి, ఒకసారి రౌటర్ నుంచి. వైఫైని ఇల్లంతా అందించే మెష్ పెట్టెలు కేబుల్ లేకుండా ఉంటే ఇంకోసారి కూడా. అందుకే నా మొదటి సలహా ఎప్పుడూ ఒకటే: ల్యాప్‌టాప్ వైఫై మీద ఉన్నా ఫర్వాలేదు, సర్వర్‌ని మాత్రం కేబుల్ మీద పెట్టండి. ఈ ఒక్క మార్పుతో చాలా ఇళ్ళలో సమస్య సగం తగ్గుతుంది.

ఆ తర్వాత సిగ్నల్ చూడండి. దాని బలాన్ని డీబీఎంలో కొలుస్తారు, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మెరుగు. మైనస్ 67 డీబీఎం, అంతకన్నా మెరుగ్గా ఉంటే మంచిదే. మైనస్ 75 దాటి కిందికి పోతే ముక్కలు పోయి మళ్ళీ పంపడం మొదలవుతుంది. మ్యాక్‌లో ఆప్షన్ కీ పట్టుకుని వైఫై గుర్తు నొక్కితే ఈ అంకె కనిపిస్తుంది. విండోస్‌లో, అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ఎస్‌హెచ్ కమాండ్‌తో వైఫై రిపోర్ట్ తీయవచ్చు. గత మూడు రోజుల్లో ఎప్పుడెప్పుడు తెగిందో, ఎందుకు తెగిందో గ్రాఫ్‌తో సహా అందులో వస్తుంది. మీ కాగితం మీది సమయాలను దానితో కలిపి చూడండి.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఉంటే వీలైనంత త్వరగా బయటికి రండి. అక్కడ ఒకదానిపై ఒకటి పడని ఛానళ్ళు 1, 6, 11 మూడే. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది ఆ బ్యాండ్‌లోనే. యూఎస్‌బీ 3 డిస్కులు, వాటి కేబుళ్ళు కూడా ఆ బ్యాండ్‌లో రొద చేస్తాయి, దీన్ని ఇంటెల్ 2012లో ఒక పత్రంలో వివరించింది. ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ డిస్క్ తగిలించి నెట్‌వర్క్ మీదికి కాపీ చేసినప్పుడే ఆగుతోందంటే ఇదే కావచ్చు. డిస్క్‌ని అటు జరిపి, లేదా 5 గిగాహెర్ట్జ్‌కి మారి చూడండి.

5 గిగాహెర్ట్జ్‌లో వేరే చిక్కు ఉంది. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానళ్ళను చాలా దేశాల్లో రాడార్లతో పంచుకోవాలి. రాడార్ సంకేతం అనిపించగానే రౌటర్ ఆ ఛానల్ వదిలేయాలి, అదే కోవలోని కొత్త ఛానల్‌కి వెళ్ళాలంటే కనీసం 60 సెకన్లు విని ఎవరూ లేరని తేల్చుకోవాలి. నిమిషం పాటు ఇంట్లో వైఫై మొత్తం పోయి తిరిగొస్తుంటే రౌటర్ లాగ్‌లో ‘రాడార్’ లేదా ‘డీఎఫ్‌ఎస్’ (ఈ ఏర్పాటు పేరే అది) అనే మాట వెతకండి. కనిపిస్తే ఛానల్‌ని ‘ఆటో’ నుంచి తీసి 36 నుంచి 48 మధ్య ఒకటి ఎంచుకోండి.

క్రమం తప్పకుండా కొన్ని నిమిషాలకోసారి పింగ్ ఎగిరితే ల్యాప్‌టాప్ వేరే నెట్‌వర్క్‌ల కోసం వెతుకుతోంది. వెతికే క్షణంలో అది మీ ఛానల్ వదిలి వెళ్తుంది. అడాప్టర్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ‘రోమింగ్ అగ్రెసివ్‌నెస్’ తగ్గించండి. మ్యాక్‌లు ఎయిర్‌డ్రాప్ కోసం ఇలాగే మధ్యమధ్యలో వేరే ఛానల్‌కి వెళ్ళొస్తాయి, పరీక్ష కోసం ఎయిర్‌డ్రాప్ ఆపి చూడండి.

కేబుల్, స్విచ్

ముందు లింక్ స్పీడ్ చూడండి. గిగాబిట్‌కి కేబుల్ లోపలి ఎనిమిది తీగలూ కావాలి, 100 మెగాబిట్‌కి నాలుగు చాలు. ఒక్క తీగ తెగినా, క్లిప్ వదులైనా లింక్ 100కి దిగవచ్చు, మనకు ఏ హెచ్చరికా రాదు. గిగాబిట్‌లో పెద్ద ఫైల్ కాపీ సెకనుకు 110 ఎంబీ దాకా వెళ్తుంది. మీది ఎప్పుడూ 11 ఎంబీ దగ్గరే నిలబడుతుంటే కేబుల్ మార్చండి. ఒకసారి 1000, ఒకసారి 100 చూపిస్తుంటే అది చావుబతుకుల్లో ఉన్న కేబుల్. అది మారినప్పుడల్లా లింక్ తెగి కలుస్తుంది, అదే మీకు కనిపించే హ్యాంగ్. స్పీడ్, డూప్లెక్స్ (పంపడం, అందుకోవడం ఒకేసారి జరగాలా వద్దా) సెట్టింగ్ రెండు వైపులా ఆటోలోనే ఉంచండి. ఒక వైపు ఆటో, ఒక వైపు చేత్తో పెట్టింది ఉంటే లోడ్ పడగానే నత్తనడక అవుతుంది.

ఎవరూ త్వరగా అనుమానించని దోషి ఒకటుంది. ఈథర్నెట్‌లో ‘కొంచెం ఆగు’ అని చెప్పే పాజ్ ఫ్రేమ్‌లు ఉంటాయి, నెమ్మదైన పరికరం తన మీద భారం పడకుండా వాటిని పంపుతుంది. ల్యాప్‌టాప్ తీసేశాక కూడా స్విచ్‌కి తగిలే ఉన్న కొన్ని యూఎస్‌బీ-సి డాక్‌లు (ల్యాప్‌టాప్‌కి అదనపు పోర్టులిచ్చే పెట్టెలు) వీటిని ఆపకుండా కురిపిస్తాయి. కొన్ని స్విచ్‌లు దాన్ని నమ్మి మిగతా పోర్టులనూ ఆపేస్తాయి. అందరికీ ఒకేసారి నెట్‌వర్క్ బిగుసుకుపోయి, ఫలానా కేబుల్ పీకగానే ప్రాణం వస్తే ఇదే. హ్యాంగ్ అయినప్పుడు స్విచ్ నుంచి కేబుళ్ళు ఒక్కొక్కటి తీసి చూడండి. ఒకే కేబుల్ రెండు కొనలూ అదే స్విచ్‌కి తగిలి లూప్ ఏర్పడిందేమో కూడా అప్పుడే బయటపడుతుంది, లూప్ ఉంటే లైట్లన్నీ ఒకే లయలో పిచ్చిగా మెరుస్తాయి.

జంబో ఫ్రేమ్‌లు (మామూలు 1500 బైట్లకు బదులు 9000 దాకా ఉండే పెద్ద ముక్కలు) ఎప్పుడైనా ఆన్ చేశారా? దారిలో ఉన్న ప్రతి పరికరం ఒప్పుకుంటేనే అవి పని చేస్తాయి. లేకపోతే లాగిన్ అవుతుంది, చిన్న ఫోల్డర్లు తెరుచుకుంటాయి, పెద్ద ఫైల్ దగ్గర మాత్రం ఆగిపోతుంది. మామూలు పింగ్ చిన్నది కాబట్టి అది బాగానే ఉందంటుంది. ముక్కలు చేయవద్దనే ఆప్షన్‌తో 1472 బైట్ల పింగ్ వెళ్ళి, 8972 బైట్లది వెళ్ళకపోతే ఎక్కడో పొత్తు కుదరలేదు. ఇంట్లో దీనివల్ల వచ్చే లాభం స్వల్పం, అన్నిచోట్లా 1500కి తెచ్చేయండి.

చిరునామాలు, పేర్లు

సర్వర్‌కి చేత్తో ఒక ఐపీ ఇచ్చారనుకోండి, 192.168.1.20 అని. రౌటర్‌కి ఆ సంగతి తెలియదు. ఒక రోజు కొత్త ఫోన్‌కి అదే ఇచ్చేస్తుంది. ఆ ఫోన్ ఇంట్లో ఉన్నప్పుడు షేర్ ఆగుతుంది, బయటికి వెళ్ళగానే బాగవుతుంది. ఈ సమస్యతో వారాలు గడిపినవాళ్ళు ఉన్నారు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ కింద 4199 నంబర్ ఈవెంట్ ఉంటే రెండు పరికరాలకు ఒకే ఐపీ పడిందని అర్థం. సర్వర్‌ని ఆటోలో పెట్టి, రౌటర్‌లోనే దానికి ఐపీ రిజర్వ్ చేయడం సరైన మార్గం.

పేరుతో తెరిచినప్పుడు ఆలస్యమై, ఐపీతో తెరిస్తే వెంటనే వస్తోందా? అయితే పేరు వెతకడం దగ్గర చిక్కు ఉంది. ఐపీ రిజర్వ్ చేశాక డ్రైవ్‌ని ఐపీతోనే మ్యాప్ చేసుకోవడం తేలికైన పరిష్కారం. పాస్‌వర్డ్ మళ్ళీ అడిగితే కంగారు వద్దు, విండోస్ దృష్టిలో పేరూ ఐపీ వేరువేరు సర్వర్లు.

ఎక్స్‌ప్లోరర్ తెరవగానే బిగుసుకుపోతుంటే పాత మ్యాపింగులు చూడండి. ఎప్పుడో తీసేసిన కంప్యూటర్‌కి ఒక డ్రైవ్ అక్షరం ఇంకా కట్టి ఉంటే, విండోస్ దాని తలుపు తట్టి ఇరవై సెకన్ల దాకా ఎదురుచూస్తుంది. అలాంటివి డిస్‌కనెక్ట్ చేయండి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో ఎక్స్‌ప్లోరర్ హిస్టరీ కూడా తుడిచేయండి, ఇటీవలి ఫైళ్ళ జాబితాలో చచ్చిన షేర్లు ఉన్నా ఇదే జరుగుతుంది.

డిస్క్ సంగతి

‘స్మార్ట్’ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) చూపే ఏదైనా ప్రోగ్రామ్‌తో సర్వర్ డిస్క్‌ని పరిశీలించండి. మూడు అంకెలు చాలు. 5వ నంబర్, మార్చేసిన సెక్టార్లు. 197వ నంబర్, చదవలేక పెండింగ్‌లో ఉన్న సెక్టార్లు. ఈ రెండూ పెరుగుతూ ఉంటే ఇక పరీక్షలు ఆపి, కాపీ తీసుకుని డిస్క్ మార్చండి. మామూలు డెస్క్‌టాప్ డిస్క్ చెడ్డ సెక్టార్ తగిలితే చదవాలని పదేపదే ప్రయత్నిస్తుంది, నిమిషం దాకా పట్టవచ్చు, అంతసేపూ మిగతా అందరూ ఆగాల్సిందే. 199వ నంబర్ మాత్రమే పెరుగుతుంటే డిస్క్ మంచిదే, దాని డేటా కేబుల్ చూడండి. సర్వర్ విండోస్ అయితే సిస్టమ్ లాగ్‌లో 129, 153 నంబర్ల ఈవెంట్లు కూడా డిస్క్ జవాబివ్వడంలో తడబడిందనే చెబుతాయి.

డిస్క్ ఆరోగ్యంగా ఉండి, పెద్ద కాపీల్లో మాత్రమే ఆగితే అది ఎస్‌ఎంఆర్ రకమేమో చూడండి. ఈ డిస్కుల్లో ట్రాకులు పైకప్పు పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఉంటాయి. ఒక పెంకు మార్చాలంటే పక్కవాటినీ కదిలించాలి. ముందు చిన్న ఖాళీ జాగాలో గబగబా రాసుకుని, అది నిండాక సర్దుకోవడానికి ఆగుతుంది. దీనికి సెట్టింగ్ లేదు. మోడల్ నంబర్‌తో తయారీదారు పట్టిక చూసి నిర్ధారించుకోండి, వెంటవెంటనే రాసే పనికి సీఎంఆర్ (ట్రాకులు విడివిడిగా ఉండే రకం) డిస్క్ పెట్టుకోండి, ఎస్‌ఎంఆర్ దాన్ని అరుదుగా తీసే బ్యాకప్‌కి వాడుకోండి. కొన్ని ఎస్‌ఎస్‌డీలకూ క్యాష్ నిండాక వేగం బాగా పడిపోతుంది. ఏ డిస్క్ అయినా నిండా నింపి వాడకండి.

సాఫ్ట్‌వేర్ వైపు

యాంటీవైరస్ నెట్‌వర్క్ ఫైళ్ళను రెండు వైపులా స్కాన్ చేస్తుంటుంది. సర్వర్‌లో స్కాన్ ఉంచి, క్లయింట్ వైపు ఆ షేర్‌ని ఒక్క గంట మినహాయించి పరీక్షించండి. తేడా లేకపోతే వెంటనే వెనక్కి పెట్టేయండి. వీడియోల ఫోల్డర్ తెరిచేటప్పుడే ఆలస్యమైతే ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో కస్టమైజ్ ట్యాబ్‌కి వెళ్ళి ‘జనరల్ ఐటమ్స్’ ఎంచుకోండి, ప్రతి ఫైల్‌నీ తెరిచి వివరాలు చదవడం తగ్గుతుంది. వీపీఎన్ ఆన్ చేసినప్పుడే ఆగుతుంటే అందులో లోకల్ నెట్‌వర్క్‌ని అనుమతించే ఆప్షన్ ఉంటుంది.

హ్యాంగ్ అయిన క్షణాన్ని విండోస్ కూడా రాసుకుంటుంది. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఎస్‌ఎంబీక్లయింట్, కనెక్టివిటీ వరుసగా తెరవండి. 30803 అంటే కనెక్షన్ కుదరలేదు, 30804 అంటే ఉన్న కనెక్షన్ తెగింది. మీ కాగితం సమయాల్లో ఇవి కనిపిస్తే నెట్‌వర్క్ నిజంగా తెగింది. ఏమీ లేకపోతే కనెక్షన్ నిలిచే ఉంది, అవతలివాళ్ళు ఆలస్యం చేశారు.

విండోస్ ఫైల్ షేరింగ్ నడిచే పద్ధతి పేరు ఎస్‌ఎంబీ. పాత పరికరం కోసం దాని పాత రూపం ఎస్‌ఎంబీ 1 ఆన్ చేయమని ఎవరైనా చెబితే వినకండి. 2017లో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ పాకింది దాని లోపం మీదుగానే. హ్యాంగుకి అది మందు కాదు.

లైనక్స్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ (మరో ఫైల్ షేరింగ్ పద్ధతి) వాడేవాళ్ళకు ఒక్క మాట: షేర్‌ని ‘హార్డ్’ పద్ధతిలో కలిపితే, అంటే హార్డ్ మౌంట్ అయితే సర్వర్ జవాబిచ్చేదాకా ప్రోగ్రామ్ కదలకుండా నిలబడుతుంది, అది అలా ఉండడమే సరైనది. సాఫ్ట్ మౌంట్‌కి మారిస్తే హ్యాంగ్ పోతుంది గానీ రాస్తున్న ఫైల్ సగంలో పాడయ్యే ప్రమాదం ఉంది. కెర్నల్ లాగ్‌లో ‘నాట్ రెస్పాండింగ్’ వచ్చిన సమయం పట్టుకుని సర్వర్ వైపు వెతకండి.

ఇంత చేసినా తేలకపోతే, నెట్‌వర్క్ మీద వెళ్ళే ప్రతి ముక్కనూ పట్టి చూపించే వైర్‌షార్క్ అనే ప్రోగ్రామ్ మిగిలింది. హ్యాంగ్ అయిన నిమిషాన్ని పట్టి రెండే విషయాలు వెతకండి. ‘రీట్రాన్స్‌మిషన్’లు గుట్టలుగా ఉంటే ముక్కలు దారిలో పోతున్నాయి, వైఫై, కేబుల్, స్విచ్‌లకు తిరిగి వెళ్ళండి. ‘జీరో విండో’ కనిపిస్తే దాన్ని పంపిన మెషీన్ ఇక తీసుకోలేనని చెబుతోంది, దాని డిస్క్‌నీ సాఫ్ట్‌వేర్‌నీ చూడండి. రెండూ లేకుండా, అడిగిన దానికి సర్వర్ సెకన్ల తరబడి ఏమీ పంపకపోతే అప్పుడూ సర్వర్ డిస్కే.

బాగైందని ఎప్పుడు అనుకోవాలి

ఒకసారి ఒక్క మార్పే చేయండి, తేదీతో సహా అదే కాగితం మీద రాయండి. రోజుకు పదిసార్లు వచ్చే హ్యాంగ్ ఒక రోజంతా రాకపోతే నమ్మవచ్చు. వారానికి రెండుసార్లు వచ్చేది అయితే రెండు మూడు వారాలు ఆగాలి, ఈలోగా ఇంకేమీ మార్చకూడదు. నిలబడిందని తేలాక, దారిలో మార్చి ఫలితం ఇవ్వని సెట్టింగులను ఒక్కొక్కటిగా పాత స్థితికి తెచ్చేయండి: పవర్ ఆదా, యాంటీవైరస్ మినహాయింపు, వైఫై ఛానల్, అన్నీ. చివరగా, పనిచేసిన ఆ ఒక్క మార్పునీ ఒకసారి వెనక్కి తీయండి. హ్యాంగ్ తిరిగొస్తే మీరు పట్టుకున్నది అసలు కారణమే, మళ్ళీ పెట్టేసి కాగితాన్ని రౌటర్ పక్కనే దాచుకోండి. తిరిగి రాకపోతే రెండో అడుగులోని జంట పింగ్‌ని ఇంకో వారం నడవనివ్వండి.